పరిశోధన పత్రికకు పేజీల పద్దు

సమీక్షకులు ఆమోదించారు, సంపాదకుల నుంచి అంగీకార పత్రం అందింది, అయినా వ్యాసాన్ని అచ్చులో చూసుకోవడానికి ఏడాది పట్టింది. హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయ శాఖల్లో పరిశోధకుల మధ్య ఈ మాట తరచూ వినబడుతుంది. ఆలస్యానికి ప్రెస్సునో సమీక్షకులనో తప్పుపట్టడం ఆనవాయితీ. ఫైళ్లు సిద్ధంగా అందితే ఒక సంచికను అచ్చువేసి, బైండింగ్ చేసి, కట్టలు కట్టడానికి ప్రెస్సుకు పట్టేది సాధారణంగా పది పదిహేను రోజులు. సమీక్ష సంగతికొస్తే అది అంగీకారంతోనే ముగిసిపోయింది. మిగిలిన నెలలన్నీ వ్యాసం ఒక ఫోల్డరులో తన వంతు కోసం ఎదురుచూస్తూ గడిపినవే. పత్రిక ఏడాదికి అచ్చువేయగలిగిన పేజీలకూ, ఏడాదిలో అంగీకరించిన వ్యాసాలకూ పొంతన కుదరకపోవడమే ఆ నిరీక్షణకు మూలం. ఆ పొంతన చూడవలసిన వారు సంపాదకులు. ఈ లెక్కను ప్రెస్సుకో డీటీపీ ఆపరేటరుకో వదిలేసిన పత్రిక సమీక్షను ఎంత నిష్ఠగా జరిపినా రచయితలకిచ్చిన మాట నిలబెట్టుకోలేదు.

లెక్క అర్థం కావాలంటే ముందుగా ప్రెస్సు దగ్గరికి వెళ్లాలి. చిక్కడపల్లి, విద్యానగర్ ప్రాంతాల్లోని ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో పుస్తకాన్ని ఫారాల్లో లెక్కిస్తారు. తెలుగు పరిశోధన గ్రంథాలకు, పత్రికలకు ఎక్కువగా వాడే 1/8 డెమ్మీ సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. 18 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు ఉన్న డెమ్మీ కాగితాన్ని రెండు వైపులా అచ్చువేసి మూడు మడతలు వేస్తే 8 ఆకులు వస్తాయి. ఒక తెల్లకాగితాన్ని అలాగే మూడుసార్లు మడిచి, అంచులు కోయకుండా ఆకుల మూలల్లో పెన్సిలుతో 1 నుంచి 16 వరకు అంకెలు వేసి, తిరిగి విప్పి బల్లమీద పరిస్తే ఫారం స్వభావం కళ్లకు కడుతుంది. 1 పక్కన 16 ఉంటుంది, 8 పక్కన 9, 4 పక్కన 13, 5 పక్కన 12. ఏ జంటను కూడినా 17 వస్తుంది. సగం అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి. పత్రికలో ఏ పేజీ ఒంటరిగా పుట్టదని, ప్రతి పేజీకీ ఎక్కడో దూరంగా ఒక తోడు పేజీ ఉంటుందని, ఒకదాన్ని కదిపితే రెండోది కదులుతుందని ఆ కాగితం చెప్పినంత స్పష్టంగా ఏ వివరణా చెప్పలేదు. సంపాదకవర్గంలో కొత్తగా చేరిన వారి చేత ఒక్కసారైనా ఈ డమ్మీ మడిపించడం మంచిది.

దీని పర్యవసానం సులభంగానే ఊహించవచ్చు. 128 పేజీల సంచిక అంటే సరిగ్గా 8 ఫారాలు. ఆఖరి నిమిషంలో ఒక రచయిత అనుబంధం జోడించడం వల్ల సంచిక 130 పేజీలకు చేరితే తొమ్మిదో ఫారం మొదలవుతుంది. అర ఫారం, పావు ఫారం వేసుకునే వీలు ప్రెస్సుల్లో ఉన్నా ప్లేటు, మిషను సిద్ధం చేసే సమయం, మడత, కూర్పు ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి చేయవలసినవే కనుక ఖర్చు అదే నిష్పత్తిలో తగ్గదు. రంగుల బొమ్మలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. నలుపులో ఒక ప్లేటుతో సరిపోయే చోట రంగుల పేజీకి నాలుగు ప్లేట్లు కావాలి. అందువల్ల శాసనాల ఛాయాచిత్రాలో పటాలో రంగుల్లో తప్పనిసరైనప్పుడు వాటిని వ్యాసాల మధ్య చెదరగొట్టకుండా ఒకే ఫారంలోకి చేర్చే పద్ధతి ఏర్పడింది.

పేజీలు పెంచకపోవడానికి కాగితం ధరను కారణంగా చెప్పేవారు చాలామంది. లెక్కవేసి చూస్తే ఆ కారణం నిలవదు. 23×36 అంగుళాల డబుల్ డెమ్మీ కాగితం ఒక్కటి రెండు వైపులా కలిపి 32 పేజీలు ఇస్తుంది. 128 పేజీల సంచికకు అలాంటివి నాలుగు కావాలి. 500 ప్రతులకు 2,000 కాగితాలు, అంటే నాలుగు రీములు, ఆపైన కొంత తరుగు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథోలో ఈ సైజు రీము బరువు 18.7 కిలోలు. మొత్తం కాగితం సుమారు 75 కిలోలే. ఇంత తక్కువ ప్రతులు వేసే పత్రికకు అసలు బరువు కాగితంలో ఉండదు. ప్రతి పేజీ మీద కూర్చుని భాష సరిచూసే మనిషి, పేజీలు కట్టే మనిషి, ప్రూఫు దిద్దే మనిషి, వారి రోజులు, ఆ రోజులకిచ్చే వేతనం ఇవే అసలు ఖర్చు. గౌరవ వేతనం కూడా లేకుండా అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఈ పనులు చేసే చోట ఆ ఖర్చు పద్దులోకి ఎక్కదు, కానీ పెడుతూనే ఉంటారు. 16 పేజీలు పెంచుదామనే ప్రతిపాదన వచ్చినప్పుడు ఎన్ని రీములు కావాలన్న ప్రశ్న కంటే ముందు ఆ 16 పేజీలను ఎవరు రెండుసార్లు చదువుతారన్న ప్రశ్న అడగాలి.

తపాలా ఖర్చు మాత్రం పేజీలతోపాటు నిజంగానే పెరుగుతుంది. అంచులు కోసిన తరువాత 128 పేజీల ప్రతి అట్టతో కలిపి దాదాపు 150 గ్రాములు తూగుతుంది. ఫారం పెరిగిన కొద్దీ మరో 17 గ్రాములు కలుస్తాయి. కవరు బరువు కూడా చేరిస్తే ఐదు ఫారాల పెంపుతో ఒక్కో ప్రతి 250 గ్రాములు దాటే ప్రమాదం ఉంది. స్పీడ్‌పోస్టులో అక్కడి నుంచి 251–500 గ్రాముల శ్లాబు మొదలవుతుంది కాబట్టి చందాదారులు ఇతర రాష్ట్రాల్లో ఎక్కువగా ఉన్న పత్రికలు తూకం చూసుకున్నాకే పేజీల సంఖ్య ఖాయం చేయాలి.

తెలుగులో పరిశోధన వ్యాసాలు వేసే పత్రికలకు వీటన్నిటి కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. తెలుగు లిపి నిలువునా ఎక్కువ చోటు అడుగుతుంది. పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు, కొన్ని సంయుక్తాక్షరాల్లో ఒత్తు కింద మరో ఒత్తు. ‘స్త్రీ’, ‘రాష్ట్ర’, ‘వస్త్ర’ వంటి మాటలు పై వరుసలో ఉండి, వాటి సరిగ్గా కింద ‘కీ’, ‘తీ’ వంటి అక్షరాలు పడితే, వరుసల మధ్య తగినంత ఎడం లేనప్పుడు ఒత్తూ గుడీ ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోతాయి. అందువల్ల 12 పాయింట్ల అక్షరానికి కనీసం 16 పాయింట్ల లీడింగ్ (ఒక వరుస అడుగు నుంచి తరువాతి వరుస అడుగు వరకు దూరం) ఇవ్వక తప్పదు. 1/8 డెమ్మీ పేజీలో అచ్చుపడే భాగం ఎత్తు ఏడు అంగుళాలనుకుంటే అంగుళానికి 72 చొప్పున అది 504 పాయింట్లు. 16తో భాగిస్తే 31 వరుసలు. వరుసకు ఏడు మాటలు పట్టినా, పేరాల చివరి ఖాళీలు తీసివేస్తే, పేజీకి సుమారు 210 మాటలే మిగులుతాయి.

ఇంగ్లీషు పత్రికల నియమావళిని చూసి 8,000 మాటల పరిమితిని యథాతథంగా తెచ్చుకున్న తెలుగు పత్రిక ఇక్కడే దెబ్బతింటుంది. 8,000 తెలుగు మాటలకు ఈ సైజులో 38 పేజీలు కావాలి. పైగా తెలుగు మాట ఇంగ్లీషు మాటతో సమానం కాదు. ‘గ్రంథాలయాలలోనివి’ అనే ఒక్క తెలుగు మాట చేసే పనికి ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలు ఖర్చవుతాయి. విభక్తులు, బహువచనం, సర్వనామం అన్నీ మాటకే అతుక్కుని వచ్చే భాషలో 4,500 మాటల్లో చెప్పగలిగిన విషయం ఇంగ్లీషులో అంతకంటే చాలా ఎక్కువ మాటలు తీసుకుంటుంది. తెలుగు పత్రిక తన పరిమితిని తన లిపినీ తన పేజీనీ కొలుచుకుని నిర్ణయించుకోవాలి. మాటల సంఖ్యకు బదులు నమూనా పేజీ ఒకటి తయారుచేసి, దాని ప్రకారం ఎన్ని పేజీలకు మించరాదో రచయితలకు చెప్పడం ఇంకా మేలు.

ఒక త్రైమాసికాన్ని ఊహించుకుందాం. సంచికకు 128 పేజీలు. లోపలి ముఖపత్రం, సంపాదకవర్గం పేర్లు, విషయసూచిక, సంపాదకీయం, పుస్తక సమీక్షలు, రచయితలకు సూచనలు వీటికి ఒక ఫారం కేటాయిస్తే వ్యాసాలకు 112 పేజీలు మిగులుతాయి. అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు), ఆధార గ్రంథాల పట్టికతో సహా 4,500 మాటల పరిమితి పెడితే వ్యాసానికి 22 పేజీలు. సంచికకు ఐదు వ్యాసాలు, ఏడాదికి 20. ఇప్పుడు ఈ పత్రిక ఏడాదికి 28 వ్యాసాలను అంగీకరిస్తోందనుకుంటే మొదటి ఏడాది చివర 8, రెండో ఏడాది చివర 16 వ్యాసాలు నిలవ ఉంటాయి. ఆ రోజున అంగీకార పత్రం అందుకున్న పరిశోధకురాలి వ్యాసం ముందున్న 16 వ్యాసాలు అచ్చయ్యాక, అంటే మూడు సంచికలు దాటాక, నాలుగో సంచికలో వెలువడుతుంది. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, ఎవరూ ఆలస్యం చేయలేదు. ఏడాది అలా గడిచిపోయింది. పదోన్నతికో ఉద్యోగానికో దరఖాస్తు చేసుకునే వారికి ఆ ఏడాది ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. క్షేత్ర పరిశోధన మీద ఆధారపడిన వ్యాసమైతే అందులోని అంకెలు కూడా పాతబడిపోతాయి.

ఒక ఫారం పెంచితే ఒక వ్యాసం అదనంగా పడుతుందని చాలామంది అనుకుంటారు. 112కు 16 కలిపితే 128. ఆరు వ్యాసాలకు 22 చొప్పున 132 కావాలి. ఫారం పెంచినా ఆరో వ్యాసం పట్టదు, 18 పేజీలు మిగిలిపోతాయి, వాటిని నింపడానికి హడావుడిగా ఏదో ఒకటి వెతకవలసి వస్తుంది. అదే, పేజీలు పెంచకుండా పరిమితిని 4,500 నుంచి 3,800 మాటలకు తగ్గిస్తే వ్యాసం 18 పేజీల్లో సర్దుకుని, 112 పేజీల్లో ఆరు వ్యాసాలు పడతాయి. ఏడాదికి నాలుగు వ్యాసాలు ఎక్కువ. ఒక్కో రచయిత వదులుకున్నది 700 మాటలు. తెలుగు పరిశోధన వ్యాసాల్లో విషయ ప్రవేశానికి ముందు కవి జీవిత విశేషాలు, ప్రక్రియ పుట్టుపూర్వోత్తరాలు, అందరికీ తెలిసిన నిర్వచనాలు ఆక్రమించే చోటు తరచూ ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కత్తిరింపు వల్ల వ్యాసాలు బలహీనపడతాయన్న భయానికి ఆధారం తక్కువ. భౌతిక శాస్త్రంలో అత్యంత ప్రతిష్ఠ గల పత్రికల్లో ఒకటైన ఫిజికల్ రివ్యూ లెటర్స్ తన వ్యాసాలకు 3,750 మాటల పరిమితి విధించింది. డీఎన్ఏ నిర్మాణాన్ని ప్రతిపాదిస్తూ వాట్సన్, క్రిక్ రాసిన వ్యాసం 1953 ఏప్రిల్ 25 నాటి నేచర్‌లో 737, 738 పేజీల్లోనే ఇమిడిపోయింది.

అయితే ఈ తర్కాన్ని అన్ని శాస్త్రాలకూ ఒకే తీరున వర్తింపజేయడం న్యాయం కాదు. శాసన పరిష్కరణకు మూలపాఠం పూర్తిగా ఇవ్వాలి, పాఠభేదాలు ఇవ్వాలి, ఛాయాచిత్రం ఇవ్వాలి. జానపద గేయాల మీద రాసే వ్యాసంలో గేయం లేకపోతే విశ్లేషణకు కాళ్లు ఉండవు. అటువంటి మూల సామగ్రిని అచ్చు నుంచి తీసి ఆన్‌లైన్ అనుబంధంలో పెట్టమనడం ఇప్పుడు సులభమైన పరిష్కారంగా కనిపిస్తోంది. దాని కష్టాలు ఇతరులు ఇప్పటికే అనుభవించారు. అమెరికాలోని జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్ ఆన్‌లైన్ అనుబంధాలు మితిమీరి పెరిగి సమీక్షకులకు మోయలేని భారమవుతున్నాయని, వ్యాసం తనంతట తాను సంపూర్ణంగా నిలవాలని చెప్పి 2010లో వాటిని స్వీకరించడమే మానేసింది. చోటుకు హద్దు లేనప్పుడు చదివే మనిషి ఓపికే హద్దవుతుందని ఆ పత్రిక అనుభవం తెలియజేస్తోంది. మూలపాఠం వాదానికి ప్రాణమైతే అచ్చులో ఉండాలి, వాదానికి అవసరం లేకపోతే అనుబంధంలోనూ అక్కరలేదు.

పాత పత్రికల్లో ఈ ఒత్తిడి ఇంతగా కనిపించకపోవడానికి కారణం వాటి వెనుక నిలబడిన అండ. 1927లో ఆంగ్ల రచయిత మార్మడ్యూక్ పిక్తాల్ సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి మొదలైన ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికానికి నిజాం ప్రభుత్వ ఆదరణ ఉండేది. చందాల మీదా సంస్థ ఇచ్చే కొద్దిపాటి నిధి మీదా నడిచే నేటి పత్రికలకు ఆ వెసులుబాటు లేదు. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరచిన పాత తెలుగు పత్రికల సంపుటాలు తిరగేసిన వారికి ఒక విషయం తెలుస్తుంది: నిధులు లేని పత్రిక పేజీలు తగ్గించుకుని, సమయానికి వచ్చినంత కాలం పాఠకులు దాన్ని వదలలేదు, సంచికలు కలిపేసి ‘జంట సంచిక’గా వేయడం మొదలుపెట్టాకే దాని మీద నమ్మకం సడలింది. నిలవను తగ్గించుకోవడానికి జంట సంచిక వేయడం పైకి తెలివైన పనిగా తోచినా, అట్టమీద రెండు నెలల పేర్లు చూసిన గ్రంథపాలకులకు అందులో కనిపించేది తప్పిపోయిన ఒక సంచికే.

ఇక తయారీ సంగతి. అంగీకరించిన వ్యాసం పేజీగా మారడానికి ముందు జరిగే పనిలో తెలుగు పత్రికలు నష్టపోయే సమయం ఎక్కువగా ఫాంటు మార్పిడిలో పోతుంది. రచయితలలో కొందరు యూనికోడ్‌లో రాసి పంపుతారు, కొందరు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేయించి పంపుతారు. ప్రెస్సులో పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ మీదే పని జరుగుతుంటే యూనికోడ్ వ్యాసాన్ని అనులోకి మార్చాలి. ఆన్‌లైన్‌లో పెట్టడానికి మళ్లీ అను నుంచి యూనికోడ్‌కు మార్చాలి. మార్పిడి చేసే ప్రతిసారీ అరుదైన సంయుక్తాక్షరాలు విరిగిపోతాయి. అంతకంటే ప్రమాదం ఇంగ్లీషు మాటల దగ్గర ఉంది: ఆధార గ్రంథాల పట్టికలో ఉన్న ఇంగ్లీషు పేర్లు, కొటేషన్ గుర్తులు, కొన్నిసార్లు అంకెలు కూడా అర్థంలేని తెలుగు అక్షరాల వరుసగా మారిపోతాయి. విరిగిన ఒత్తును ప్రూఫు చదివేవారు కనిపెడతారు, ఎందుకంటే కన్ను అక్కడ తట్టుకుంటుంది. 1934 అనే అంకె 1943గా మారితే ఏ కన్నూ తట్టుకోదు. అందుకే మార్పిడి తరువాత వచ్చిన మొదటి ప్రూఫులో వ్యాసాన్ని చదవడం కంటే ముందు అంకెలను, ఇంగ్లీషు పేర్లను మాత్రమే మూలంతో ఒక్కొక్కటిగా పోల్చి టిక్కు పెట్టుకుంటూ వెళ్లడం మంచి పద్ధతి. ఒకరు మూలాన్ని పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూడటం అనే పాత పద్ధతికి ఈ పనిలో ఇప్పటికీ సాటి లేదు. శాశ్వత పరిష్కారం మాత్రం మొదటి నుంచి చివరి వరకు యూనికోడ్‌లోనే పనిచేయడం. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకుంటే తెలుగు ఒత్తులు సరిగా కూర్చుంటాయి. జీలాటెక్ (XeLaTeX) అనే ఉచిత కూర్పు సాఫ్ట్‌వేర్ కూడా యూనికోడ్ తెలుగును నేరుగా అందుకుంటుంది. మార్పిడి అనే మెట్టు పోయిన పత్రికకు ఒక ప్రూఫు ఆదా అవుతుంది, ఒక ప్రూఫు ఆదా అయితే సంచికకు వారం కలిసివస్తుంది.

రచయితకు పంపే ప్రూఫు విషయంలో కఠినంగా ఉండటం అవసరం. ప్రూఫును వ్యాసం తిరగరాసుకునే అవకాశంగా భావించే రచయిత, తెలియకుండానే, మిగిలిన నలుగురు రచయితల పేజీలను కదుపుతాడు. సంపుటి మొత్తానికి వరుస పేజీ సంఖ్యలు ఇచ్చే పత్రికల్లో మొదటి సంచిక 128తో ముగిస్తే రెండోది 129తో మొదలవుతుంది. మొదటి వ్యాసంలో రెండు పేరాలు పెరిగి పేజీ జారితే ఆ తరువాతి వ్యాసాలన్నిటి సంఖ్యలు, విషయసూచిక, ప్రతి పేజీ తలమీద ఉండే శీర్షిక అన్నీ తిరిగి చూసుకోవాలి. ఏ రచయితైనా తన వ్యాసం 41వ పేజీలో ఉంటుందని అప్పటికే తన జీవిత వివరాల్లో రాసుకుని ఉంటే ఆ తప్పు ఎన్నాళ్లో ఉండిపోతుంది. ప్రూఫులో అక్షర దోషాలు, వాస్తవ దోషాలు తప్ప కొత్త పేరాలు స్వీకరించబోమని, గడువు దాటితే సంపాదకులు దిద్దిన ప్రూఫే ఖాయమవుతుందని అంగీకార పత్రంలోనే రాయడం రచయితలందరికీ న్యాయం చేసినట్టవుతుంది.

పేజీ సర్దుబాటులో చిన్నచిన్న మెలకువలు ఉన్నాయి. ప్రతి వ్యాసం కుడివైపు పేజీలోనే మొదలవ్వాలన్న నియమం చూపుకు బాగుంటుంది కానీ వ్యాసానికి సగటున అర పేజీ చొప్పున తెల్లగా మిగులుస్తుంది. ఆధార గ్రంథాల పట్టికను 10 పాయింట్లలో వేయవచ్చు. అధోజ్ఞాపికలను 9 కంటే తగ్గించకూడదు; అంతకంటే చిన్న పరిమాణంలో ఒత్తులు మసకబారి ‘ప’కూ ‘వ’కూ తేడా పోతుంది. పేజీలు మిగుల్చుకోవాలన్న ఆరాటంలో లీడింగ్ 16 నుంచి 14కు తగ్గించే పని మాత్రం ఎప్పుడూ చేయకూడదు. చదవలేని పేజీ అచ్చువేసినా వేయనట్టే.

హైదరాబాద్ ప్రెస్సుల క్యాలెండరు కూడా సంపాదకుల బల్లమీద ఉండాలి. బడులు తెరిచే ముందు నెలల్లో పాఠ్యపుస్తకాల పని, ముహూర్తాల కాలంలో శుభలేఖలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, నవంబరు, డిసెంబరుల్లో క్యాలెండర్లు, డైరీలు. డిసెంబరు సంచికను డిసెంబరు మొదటి వారంలో ప్రెస్సుకు తీసుకువెళ్లే పత్రికకు మిషను దొరికేది సంక్రాంతి దాటాకే. వానాకాలంలో తేమకు కాగితం వంపు తిరుగుతుంది, బైండింగ్ జిగురు ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈ కారణాలన్నీ ముందే తెలిసినవి కనుక సంచికలో ఏ వ్యాసాలు ఉండాలో వెలువడే తేదీకి పది వారాల ముందే ఖాయం చేసి, ఆపైన మార్చకపోవడం ఒక్కటే దారి. తయారీలో వేగం అసాధ్యమేమీ కాదు. సి.వి. రామన్ 1928 మార్చి 16న బెంగళూరులో తన కొత్త కిరణ ప్రభావం గురించి చేసిన ప్రసంగం అదే నెలాఖరుకు ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో అచ్చయింది. చేతితో అక్షరాలు పేర్చే కాలంలో అది జరిగింది.

ఆన్‌లైన్‌లో పేజీలకు కరువు లేదు కనుక ఈ లెక్కలన్నీ కాలం చెల్లినవన్న వాదన ఒకటుంది. అందులో కొంత నిజముంది. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పత్రిక నడిపితే సిద్ధమైన వ్యాసాన్ని సిద్ధమైన రోజునే విడుదల చేయవచ్చు. వ్యాసానికి డీఓఐ (శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్య) ఇచ్చి, పేజీ సంఖ్యకు బదులు వ్యాస సంఖ్యతో ఉటంకించేలా చేయవచ్చు. ఫారాల బంధనం అక్కడ తెగిపోతుంది. అచ్చు ప్రతికీ ఆన్‌లైన్ ప్రతికీ వేర్వేరు ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవడం, రెండిటిలోనూ తేదీలు ఒకేలా ఉండేలా చూడటం వంటి జాగ్రత్తలు కొత్తగా వస్తాయి, అవి పెద్ద భారం కావు. తెగనిది మనుషుల సమయం. భాష సరిచూసే చేతులు ఏడాదికి 20 వ్యాసాలకే సరిపోతే ఆన్‌లైన్‌లో 28 విడుదల చేయడం అంటే ఎనిమిదింటిని చూడకుండా వదలడమే. అచ్చు పత్రికలో పేజీ చేసిన పని ఆన్‌లైన్ పత్రికలో పనిగంటలు చేస్తాయి. పేజీల పద్దు స్థానంలో గంటల పద్దు రాసుకోవాలి, అంతే తేడా.

ఈ మాట ఇప్పుడు మరింత అవసరం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) గుర్తించిన పత్రికల పట్టిక అయిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దు చేశాక, ఏది మంచి పత్రికో తేల్చుకునే బాధ్యత విశ్వవిద్యాలయాల మీద, పరిశోధకుల మీద పడింది. రుసుము కట్టిన వారంలో ఎన్ని వ్యాసాలనైనా అచ్చువేసే పత్రికలు ఉన్నాయి. వాటిలో ఒక్కో సంచికలో వ్యాసాల సంఖ్య ఇష్టం వచ్చినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏడాదికి ఇన్ని పేజీలు, ఇన్ని వ్యాసాలు, ఇంత కాలంలో అని ముందే ప్రకటించి అలాగే నడిచే పత్రికను వాటి నుంచి వేరుచేసి గుర్తుపట్టడానికి ఆ నిలకడ ఒక మంచి ఆధారం. అంగీకరించిన తేదీని, అచ్చయిన తేదీని ప్రతి వ్యాసం మొదటి పేజీ అడుగున వేయడం అందులో భాగం. దానికి ఒక్క వరుస చాలు.

నిలవ పెరిగిపోయిన పత్రిక చేయదగినది ఒకటే: కొంతకాలం కొత్త వ్యాసాలు స్వీకరించబోమని బహిరంగంగా చెప్పడం. సంపాదకులకు ఇది కష్టమైన నిర్ణయం, ఎందుకంటే తిరస్కరణ లేఖ రాయడం కంటే తలుపు మూయడం కటువుగా అనిపిస్తుంది. కానీ చోటు లేదని తెలిసి వ్యాసాన్ని తీసుకుని, సమీక్షకుల సమయం ఖర్చుచేసి, అంగీకరించి, ఏడాది పక్కన పెట్టడం అంతకంటే కటువైన పని. ఆ కాలంలో ప్రత్యేక సంచికలకు కూడా ఒప్పుకోకూడదు. ఒక సదస్సు పత్రాలతో ప్రత్యేక సంచిక వేస్తే అప్పటికే వరుసలో ఉన్న ఐదుగురు మరో మూడు నెలలు వెనక్కి జరుగుతారు, ఆ సంగతి వారికి ఎవరూ చెప్పరు.

పేజీలు కట్టడం పూర్తయ్యాక ఎంత జాగ్రత్తపడినా ఫారం చివర రెండో మూడో పేజీలు మిగులుతాయి. వాటిని తొందరపాటు పుస్తక సమీక్షతోనో ప్రకటనతోనో నింపే అలవాటు ఉంది. గత సంచికలో దొర్లిన తప్పులకు సవరణలు ఉంటే వాటికి ఆ చోటు మొదట చెందుతుంది, విషయసూచికలో వాటి పేరుతో సహా. సవరణలు లేనప్పుడు అక్కడ అంగీకారం పొంది వరుసలో ఉన్న వ్యాసాల పట్టిక వేయవచ్చు: వ్యాసం పేరు, రచయిత పేరు, అంగీకరించిన తేదీ, ఏ సంచికలో రాబోతున్నదీ.